దేశం అప్పు, రైతు వంతు: విశాఖ రేవు చెప్పే చరిత్ర



ఇంటి అప్పు సంగతి మీకు ఒకరు చెప్పనక్కరలేదు. నోటు ఎవరు వ్రాసినారో, వడ్డీ ఎంతో, వాయిదా ఎప్పుడో, కళ్లంలో ధాన్యం కొలిచే రోజున ఎవరు వచ్చి గట్టు మీద కూర్చుంటారో మీకు కంఠపాఠం. దేశం అప్పు అనేసరికి మాత్రం అది మన ఊరి సంగతి కాదనుకుంటాం. ఢిల్లీలో ఎవరో చేసినారు, వాళ్లే తీర్చుకుంటారు అంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో ఈ ప్రసంగంలో కాస్త చరిత్ర తిరగవేసి చూద్దాం. అలా చూడడానికి విశాఖపట్నం కంటె అనువైన చోటు లేదు. దేశం పరదేశాలకు అమ్మేది, పరదేశాల నుంచి కొనేది ఈ రేవులో కళ్లయెదుట కనబడుతుంది. ఓడల్లోకి ఎక్కే ఇనుప రాయి ఒక ప్రక్క. ఓడల్లోంచి దిగే ముడి చమురు, బొగ్గు, గంధకం, పొటాషు ఇంకొక ప్రక్క. మొదటిది రాబడి, రెండవది ఖర్చు. ఖర్చు రాబడిని మించిపోయినప్పుడు ఆ తేడా అప్పుగా నిలబడుతుంది.

ముందు ఒక సంగతి తేటపరచుకోవాలి. దేశం లోపల చేసే అప్పు వేరు, పరదేశపు అప్పు వేరు. ప్రభుత్వం మన బ్యాంకుల దగ్గర, మన ప్రజల దగ్గర తీసుకునేది రూపాయల అప్పు. పరదేశపు అప్పు డాలర్లలోనో పౌన్లలోనో తీర్చాలి. అనకాపల్లి బజారులో బెల్లం అమ్మినవాడి చేతికి వచ్చేది రూపాయలు. ఆ రూపాయలు పట్టుకుపోయి అరబ్బు దేశంలో చమురు పొయ్యమంటే పొయ్యరు. డాలర్లు మన అచ్చుయంత్రాలలో అచ్చుకావు కదా! సరుకు అమ్మాలి, లేదా పై దేశాలకు పోయిన మనవాళ్లు ఇంటికి పంపాలి, లేదా అప్పు పుట్టాలి. ముఖ్యమైన దారులు ఇవే. ఉన్నదల్లా ఇంట్లోని బంగారం.

ఇక చరిత్ర. విశాఖ రేవును బెంగాల్ నాగపూర్ రైల్వే వారు కట్టించినారు. 1933 అక్టోబరులో సింధియా కంపెనీ వారి జలదుర్గ అనే ఓడ మొదట లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేసినాడు. మధ్య పరగణాలనుంచి మాంగనీసు రాయిని సముద్రం దాటించడం దీని మొదటి పని. ఆనాడు మన దేశం ఇంగ్లండుకు బాకీదారు. రైళ్లకు, కాలువలకు, దొరల పింఛన్లకు అని లండనులో వ్రాసిన పద్దులు మనమే తీర్చాలి. మనల్ని అడిగి చేసిన అప్పు కాదది. అందుచేత ఆ రోజులలో దేశం అప్పు ప్రజల బాధ్యత కాదనడానికి న్యాయం ఉన్నది. ఎవరు ఓటువేసి చేయించినారు గనుక!

రెండవ ప్రపంచయుద్ధం ఈ లెక్కను తలక్రిందులు చేసింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసినవి. ఊరు ఖాళీ అయింది. అదే యుద్ధంలో ఇంగ్లండు మన దగ్గర సరుకు, సైన్యం, సేవ అన్నీ తీసుకొని, సొమ్ము తరువాత ఇస్తామని చీటీలు వ్రాసి ఇచ్చింది. యుద్ధం ముగిసేనాటికి పాత బాకీలన్నీ చెల్లిపోయి, ఇంగ్లండే మనకు వెయ్యిన్నర కోట్ల రూపాయలకు మించి ఋణపడింది. స్టెర్లింగు నిల్వలు అనేవారు వాటిని. అంటే స్వాతంత్ర్యం వచ్చిన రోజున మన దేశం పరదేశాలకు అప్పులవాళ్లం కాము, అప్పిచ్చినవాళ్లం. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ సొమ్ము వెనుక 1943 బెంగాలు కరువు కూడా ఉన్నదని మరచిపోకూడదు. కడుపు మాడ్చుకొని కూడబెట్టిన డబ్బు అది.

ఆ డబ్బు పదేండ్లలో కరిగిపోయింది. తిండిగింజల దిగుమతికి కొంత, రెండవ పంచవర్ష ప్రణాళిక యంత్రాలకు చాలా. 1957 నాటికి విదేశీ మారకద్రవ్యానికి కటకట వచ్చింది. 1958లో అప్పిచ్చే దేశాలన్నీ ఒక బృందంగా ఏర్పడి మనకు సహాయం గురించి కూర్చొని మాట్లాడుకోవడం మొదలుపెట్టినవి. దీనిని దుబారా అనడానికి నాకు నోరు రాదు. నాగార్జునసాగరు వంటివి ఆ ప్రణాళికలలోనే లేచినవి. 1955 డిసెంబరులో శంకుస్థాపన, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు. బావి త్రవ్వడానికి చేసిన అప్పు, పెండ్లిలో బాణసంచా కాల్చడానికి చేసిన అప్పు ఒకటి కావు. చీటీ మీద రెండూ ఒకలాగే ఉంటవి గాని, పదేండ్లు పోయిన తరువాత తేడా తెలుస్తుంది.

1960 దశకంలో విశాఖ రేవుకు కొత్త పని వచ్చింది. బైలదిల్లా కొండల ఇనుప రాయిని జపానుకు పంపడం. అందుకోసం కిరండూలు నుంచి కొత్తవలసకు అనంతగిరి కొండలను తొలిచి రైలుమార్గం వేసినారు. పాతికేండ్ల క్రితం బాంబులు వేసిన దేశమే ఇప్పుడు ఓడ వేసుకొని రాయి కొనడానికి వచ్చింది. వ్యాపారానికి పగ లేదు. ఆ రాయి తెచ్చిన డాలర్లే మన గోధుమకు, యంత్రాలకు, ఎరువుకు కిస్తీ కట్టినవి.

అదే దశకంలో 1966వ సంవత్సరం మనకు రెండు రకాలుగా గుర్తుండాలి. 1965, 1966 రెండేండ్లూ వానలు ముఖం చాటువేసినవి. పాకిస్తానుతో యుద్ధం, అమెరికా సహాయం ఆగడం, అమెరికా గోధుమ ఓడ ఎప్పుడు వస్తుందా అని రేవులు ఎదురుచూడడం. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించినారు. అప్పటిదాకా 4 రూపాయల 76 పైసలకు వచ్చే డాలరు 7 రూపాయల 50 పైసలైంది. అప్పిచ్చేవాళ్ల ఒత్తిడి మీద చేసినారన్న మాట ఆనాడే వచ్చింది. అది అబద్ధం కాదు. నాలుగవ ప్రణాళిక వాయిదా పడింది. 1966 నుంచి 1969 దాకా ఏటికేడాది లెక్కతో బండి నడిపినారు.

సరిగ్గా ఆ ఏడే మన ఆంధ్రదేశంలో ఉక్కు ఉద్యమం లేచింది. విదేశీ నిపుణుల బృందం విశాఖ అనువైన చోటని 1965లో చెప్పింది. 1966 జూలై 1న శాసనసభ తీర్మానం చేసింది. అక్టోబరు 15న టి. అమృతరావు గారు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం గారు మొదలైన పెద్దలు ముందు నడిచినారు. నవంబరు 1న, అంటే రాష్ట్రావతరణ దినాననే, విశాఖలో తుపాకులు పేలినవి. ఉద్యమం మొత్తంలో 32 మంది చనిపోయినారని చెబుతారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం ఆనాటిదే.

ఇప్పుడు మనం నిదానంగా ఆలోచించాలి. ప్రజలు అడిగినది న్యాయం. అడిగిన సంవత్సరం మాత్రం దేశం బొక్కసంలో చిల్లర లేని సంవత్సరం. హక్కు అన్నారు గాని ఖర్చు మాట ఎవరూ ఎత్తలేదు. ఉద్యమంలో అది ఎవరూ ఎత్తరు కూడా. ఇందిరాగాంధీ గారు 1970 ఏప్రిల్‌లో పార్లమెంటులో ఒప్పుకున్నారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేసినారు. ఆ రాయి చాలాకాలం రాయిగానే ఉండిపోయింది. బంగ్లాదేశ్ యుద్ధం వచ్చె, 1973లో చమురు ధర మండె, నిధులు రాలేదు. 1979 జూన్‌లో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరిన తరువాతగాని కదలిక లేదు. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అనే సంస్థ 1982 ఫిబ్రవరిలో పుట్టింది. 1981 ధరల మీద వేసిన అంచనా 3,900 కోట్ల రూపాయల లోపు. కట్టడం పూర్తయ్యేనాటికి ఖర్చు 8,500 కోట్ల దగ్గర తేలింది. ఇల్లు కట్టేవాళ్లకు ఇది అర్థమవుతుంది. పునాది వేసి, గోడలు సగంలో ఆపి, పదేండ్ల తరువాత ఇటుక కొంటే ఏమౌతుందో అదే అయింది. ఆ పెరిగిన ఖర్చుకు వడ్డీ. ఆ వడ్డీకి మళ్లీ అప్పు.

సోవియట్ అప్పు గురించి ఒక మాట చెప్పి ముందుకు పోదాం. అది డాలరు అప్పు కాదు. రూపాయలలో తీర్చే ఏర్పాటు. మనం కట్టిన రూపాయలతో వాళ్లు మన తేయాకు, పొగాకు, జీడిపప్పు, తోళ్లు కొనుక్కుపోయేవారు. అంటే గాజువాక దగ్గర కొలిమి నిలబెట్టిన యంత్రాలకు చెల్లింపులో గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతు వంతు కూడా ఉన్నదన్నమాట. అతనికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. 1991 డిసెంబరులో సోవియట్ దేశమే ముక్కలైపోయినప్పుడు ఆ కొనుగోలుదారు బజారులో లేకుండాపోయినాడు. పాత బాకీ మాత్రం పోలేదు; రష్యాతో 1993లో లెక్క కుదుర్చుకొని సరుకుల రూపంలో తీరుస్తూ వచ్చినాము.

ఇక అసలు సంకటం. 1980 దశకమంతా దేశం బాగానే పెరిగింది గాని, అప్పు మీద పెరిగింది. ప్రభుత్వపు ఖర్చు రాబడిని ఏటేటా మించిపోయింది. ఆయుధాలకు, జీతాలకు, రాయితీలకు, పాత అప్పుల వడ్డీలకు. 1990-91లో కేంద్రప్రభుత్వం వడ్డీల క్రిందనే 21,000 కోట్ల రూపాయలకు పైగా కట్టింది. పరదేశపు అప్పు 1991 మార్చి నాటికి సుమారు 8,380 కోట్ల డాలర్లు. ఎగుమతుల మీద, పైనుంచి వచ్చే ఇతర రాబడుల మీద వచ్చిన ప్రతి 100 డాలర్లలో 35 డాలర్లు అసలుకు వడ్డీకే పోయేవి. మూడో వంతు పంట షావుకారు కళ్లంలోనే కొలుచుకుపోతుంటే ఆ కాపు ఎన్నాళ్లు నిలుస్తాడు?

1990 ఆగస్టులో ఇరాకు సేన కువైట్ మీద పడింది. చమురు ధర ఆకాశానికి అంటింది. కువైట్‌లో పనిచేసుకునే మనవాళ్లు, కడప వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లు ఎందరో, కట్టుబట్టలతో తిరిగివచ్చినారు. లక్షా 70 వేల మందిని ప్రభుత్వం విమానాలలో తీసుకువచ్చింది. వాళ్లు పంపే డబ్బు ఆగిపోయింది. ఢిల్లీలో ఏడాదిన్నరలో రెండు ప్రభుత్వాలు పడిపోయినవి. 1991 వసంతంలో పూర్తి బడ్జెటు కూడా పెట్టలేకపోయినారు. ఈ దేశం కట్టగలదా అన్న అనుమానం లోకంలో పుట్టగానే కొత్త అప్పు పుట్టడం మానింది. పరదేశాలలో ఉన్న మనవాళ్లు కూడా ఇక్కడి బ్యాంకులలో దాచుకున్న డాలర్లు తీసుకుపోవడం మొదలుపెట్టినారు. సంఘంలో ఒక్కడు తన డిపాజిట్టు తీసుకుంటే ఊరంతా క్యూ కట్టడం చూడలేదా, అదే. 1991 జూన్ నాటికి చేతిలో మిగిలిన విదేశీ మారకం సుమారు 110 కోట్ల డాలర్లు. రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయే మొత్తం. దిగుమతి చేసుకునేవాడు సరుకు విలువకు రెండింతల రొక్కం ముందే బ్యాంకులో కట్టాలని రిజర్వుబ్యాంకు నిబంధన పెట్టింది. చమురు, ఎరువు, మందులు ఆగిపోయే గడియ దగ్గరపడింది.

అప్పుడు బంగారం తీసినారు. చంద్రశేఖర్ గారి ప్రభుత్వం ఉండగా, మే నెలలో, దొంగరవాణాలో పట్టుబడిన 20 టన్నుల బంగారాన్ని మళ్లీ కొనుక్కునే షరతు మీద స్విట్జర్లండ్ బ్యాంకుకు అమ్మినారు. జూలైలో, పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయిన తరువాత, రిజర్వుబ్యాంకు సొంత నిల్వల నుంచి సుమారు 47 టన్నులు విడతలు విడతలుగా పంపి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువ పెట్టినారు. దానిమీద వచ్చినది 40 కోట్ల డాలర్లకు కాస్త పైన. ఇంట ఇల్లాలి మెడలో బంగారం తాకట్టుకు పోయిన రోజు ఎంత మౌనంగా ఉంటుందో మీకు తెలుసు. దేశానికి ఆ రోజు అటువంటిది. చెప్పుకోదగిన సంగతి ఏమంటే, ఆ తాకట్టు ఆ ఏడాది ముగిసేలోపునే విడిపించుకున్నాము. ఆ రోజులలో ఆర్థికశాఖలో ఉండి ఈ చెల్లింపుల చిక్కును దగ్గరనుంచి చూచిన మన తెలుగువాడు వై. వేణుగోపాలరెడ్డి గారు 2003లో రిజర్వుబ్యాంకు గవర్నరైనారు. 2009లో అదే రిజర్వుబ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర 200 టన్నుల బంగారం కొన్నది.

1991 జూలై 1న, 3న రెండు మెట్లుగా రూపాయి విలువ తగ్గించినారు. 21 రూపాయల చిల్లర ఉన్న డాలరు 26 రూపాయల దగ్గరకు వచ్చింది. జూలై 24న మన్మోహన్ సింగు గారు బడ్జెటు పెట్టినారు. అదేరోజు కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించినారు. ద్రవ్యనిధి దగ్గర అప్పు తీసుకున్నారు. ఆ అప్పుకు షరతులు ఉన్నవి: లోటు తగ్గించు, దిగుమతి సుంకాలు తగ్గించు, ప్రభుత్వసంస్థలను సొంత కాళ్లమీద నిలబెట్టు. ఈ షరతులు లేకుండానే ఆ పనులు ముందుగా మనమే చేసుకొని ఉండవచ్చు గదా అని అడిగేవాళ్లున్నారు. నా మట్టుకు నాకు అది సరియైన ప్రశ్నే అనిపిస్తుంది. అప్పులవాడు గడప ఎక్కిన తరువాత చేసే పొదుపు మన పొదుపు అనిపించుకోదు.

ఆ బడ్జెటులో రైతు వంతు ఏమిటో చూద్దాం. మన శాఖకు ఇదే దగ్గర సంగతి గనుక కొంచెం ఎక్కువసేపు ఉందాం.

యూరియా ధర 1981లో టన్ను 2,350 రూపాయలు. 1991 జూలైలోను అదే 2,350. మధ్యలో కొన్నాళ్లు తగ్గింది కూడా. పదేండ్లు ధర కదలలేదు. తయారీ ఖర్చు, దిగుమతి ఖర్చు మాత్రం పెరుగుతూ పోయింది. ఆ తేడా ఖజానా భరించింది. 1980-81లో ఎరువుల రాయితీ 505 కోట్లు. 1990-91లో 4,389 కోట్లు. మన్మోహన్ సింగు గారు ఎరువుల ధర 40 శాతం పెంచుతామన్నారు. పార్లమెంటులో పెద్ద గోల లేచింది. పాలకపక్షం సభ్యులు కూడా ఊరుకోలేదు. ఆగస్టులో దానిని 30 శాతానికి దించి, సన్నకారు చిన్నకారు రైతులకు పెంపు లేదన్నారు. 50 కిలోల యూరియా బస్తా 117 రూపాయల 50 పైసల నుంచి 153 రూపాయలకు వచ్చింది. ఒకే డిపోలో ఒకే బస్తాకు రెండు ధరలు! ఎవరు చిన్న, ఎవరు పెద్ద అన్నది పట్టాదారు పుస్తకం చూచి తేల్చడం ఎంత చిక్కో మీరే ఊహించండి.

అంతకంటె పెద్ద మార్పు 1992 ఆగస్టులో వచ్చింది. భాస్వరం ఎరువుల మీద, పొటాషు మీద ధరల అదుపు తీసివేసినారు. యూరియా మీద అదుపు ఉంచి, పైగా దాని ధర పది శాతం తగ్గించినారు. బస్తా 138 రూపాయలైంది. పొటాషు మన దేశంలో దొరకదు, అంతా విశాఖ వంటి రేవులలో దిగవలసినదే. భాస్వరానికి కావలసిన రాయి, గంధకం కూడా చాలావరకు ఓడ మీద రావలసినవే. విశాఖలో కోరమాండల్ వారి కర్మాగారం 1967 నుంచి అలా తెచ్చిన ముడిసరుకుతోనే పనిచేస్తున్నది. రూపాయి విలువ ఒకసారి పడిపోయిన తరువాత, రాయితీ కూడా పోయిన తరువాత, వీటి ధర ఏమవుతుంది? పొటాషు ధర రెండింతలు దాటింది. డి.ఎ.పి. ఎగిరిపోయింది.

రైతు ఏమి చేసినాడు? ఎవరైనా చేసే పనే. చవుకైన బస్తా కొన్నాడు. 1991-92లో దేశంమొత్తం మీద నత్రజని, భాస్వరం, పొటాషు వాడకం 5.9 : 2.4 : 1 పాళ్లలో ఉండేది. మరుసటి ఏడు 9.5 : 3.2 : 1 అయింది. పొలం పచ్చగా కనబడింది. ఆ పచ్చదనం చూచి సుడిదోమ వచ్చింది, చేను పడిపోయింది, గింజ తాలుపోయింది. ఇది ఖజానా లెక్కలలో ఎక్కడా కనబడని బాకీ. భూసార పరీక్ష చేయించినవాళ్లకు కనబడుతుంది. సంస్కరణ సగం చేసి సగం వదిలితే నష్టం ఎక్కడ తేలుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. పోనీ ఆ పాఠం నేర్చుకున్నామా అంటే, 2018 నుంచి 45 కిలోల యూరియా బస్తా ధర పన్నులు, వేపపూత ఖర్చు కాక 242 రూపాయల దగ్గరే నిలిచి ఉన్నది. 1981 నుంచి పదేండ్లు నడిపిన కథే మళ్లీ నడుపుతున్నాము.

అయితే ఈ అప్పులో మన బాధ్యత ఎంత? నిజం చెప్పుకోవాలంటే రెండు వైపులా చెప్పుకోవాలి. దేశం డాలర్లకు దేవులాడిన ఆ 1990లోనే కేంద్రప్రభుత్వం 10,000 రూపాయల దాకా రైతుల అప్పులు మాఫీ చేసింది. కష్టంలో ఉన్నవాడికి అది ఊపిరి. కాని కట్టగలిగినవాడు కూడా కట్టడం మానుకున్నాడు. వాయిదాకు ముందే కట్టిన రైతు, తాను తెలివితక్కువవాడినేమో అనుకొని ఇంటికి పోయినాడు. సహకార సంఘాల వసూళ్లు అప్పుడు దెబ్బతిని చాలాకాలం కోలుకోలేదు. ఆ ఖర్చును పద్దుకు ఎక్కించినది ప్రభుత్వం. చప్పట్లు కొట్టినది మనం. ఓటు అడిగేవాడు ఏది ఇస్తానన్నాడో మనకు జ్ఞాపకం ఉంటుంది, ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడో మనం అడగం. ఇది మన వంతు.

మన వంతు కానిది కూడా చెప్పాలి. ఎరువుల రాయితీ అంతా రైతు జేబులోకి వచ్చినది కాదు. అందులో మంచి భాగం, ఖర్చు ఎంతైనా సరే లెక్కకట్టి ఇచ్చే పద్ధతి మీద నడిచిన పాతబడిన కర్మాగారాలకు పోయింది. ఆయుధాల కొనుగోలుకు చేసిన అప్పు సంగతి ఏ గ్రామసభలోను చర్చకు రాలేదు. స్వల్పకాలపు అప్పులు, మూడు నెలలకు ఆరు నెలలకు తిరగవ్రాసే రకం, పేరుకుపోతున్నవని తెలిసిన అధికారులకు తెలుసు. ప్రజలకు ఆ లెక్క చెప్పినవాళ్లు లేరు. లెక్క చూపనివాడి తప్పుకు, లెక్క అడగనివాడి తప్పుకు తేడా ఉన్నది. రెండూ ఒక్కటే అనడం అన్యాయం. 2003లో పార్లమెంటు కోశ బాధ్యత చట్టం చేసి, లోటు ఎంత మించరాదో, ఏటేటా ఆ లెక్క సభముందు ఎలా పెట్టాలో వ్రాసుకున్నది. గడువులు చాలాసార్లు జరిగినవి గాని, లెక్క సభముందుకు రావడం అయితే మొదలైంది. 2024 సెప్టెంబరులో మన విదేశీ మారక నిల్వలు 70,000 కోట్ల డాలర్లు దాటినవి. 110 కోట్ల రోజును చూచినవారికి ఆ అంకె విలువ తెలుస్తుంది.

మళ్లీ మన ఉక్కు దగ్గరకు వద్దాం. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు విశాఖ వచ్చి కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినారు. బంగారం కుదువ పెట్టిన ఏడాదికి, అదే ప్రధాని చేతిమీదుగా. ఆ జనవరిలోనే ఉక్కు ధరల మీద అదుపు ఎత్తివేసినారు. రైలు కిరాయి సమం చేసే పద్ధతి తీసివేసినారు. తలమీద అప్పుతో పుట్టిన బిడ్డను నేరుగా సంతలోకి దింపినట్లయింది. అమ్మిన ఉక్కు మీద వచ్చినది వడ్డీలకే చాలలేదు. 1990 దశకమంతా నష్టమే. 1998లో కేంద్రం తనకు రావలసిన అప్పులో కొంత వాటాలుగా మార్చుకొని బరువు దించింది. 2000 తరువాత బజారు తిరిగింది, కార్మికులు తిప్పినారు, లాభాలు వచ్చినవి, 2010లో నవరత్న హోదా వచ్చింది. ఒక్క లోపం మాత్రం పుట్టుకనుంచి పోలేదు. ఈ కర్మాగారానికి సొంత ఇనుప గని లేదు. బైలదిల్లా రాయి కొత్తవలస మీదుగా ఇంటిముందే పోతుంటే, పక్కన ఉన్న కొలిమి ఆ రాయిని బజారు ధరకు కొనుక్కోవాలి. చెరువు గట్టున పొలం ఉండి, తూము మాత్రం లేనట్లు.

విస్తరణకు మళ్లీ అప్పు చేసినారు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం మొత్తం వాటాను అమ్మివేయాలని నిర్ణయించింది. కూర్మన్నపాలెం దగ్గర శిబిరాలు లేచినవి, పాత నినాదం మళ్లీ వినబడింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించినారు. ఆ సొమ్ము దేశం ప్రజలందరిది. బీహారు కూలీ కట్టిన పన్ను కూడా అందులో ఉన్నది. కాబట్టి కర్మాగారం ఎంత ఉక్కు తీసింది, ఎంత అప్పు తీర్చింది, గని సంగతి ఏమైంది అని ఏటేటా అడగడం మన పనే. 1966లో అడిగిన హక్కులో ఈ అడగడం కూడా ఒక భాగమే అని నేననుకుంటాను.

ఈ లెక్కలో ఇంకా పద్దుకు ఎక్కని బాకీ ఒకటి ఉన్నది. కర్మాగారం కోసం 20,000 ఎకరాలకు పైబడిన భూమి తీసుకున్నారు. 64 గ్రామాలు లేచిపోయినవి. చోడి, సజ్జ పండిన చేలు, జీడిమామిడి తోటలు, కొబ్బరితోపులు. ఇంటికొక ఉద్యోగం అన్న మాట మీద నిర్వాసితులకు కార్డులు ఇచ్చినారు. గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి కాలనీలలో ఆ కార్డులు తండ్రినుంచి కొడుక్కు, కొడుకునుంచి మనుమడికి చేతులు మారినవి. ఉద్యోగం దొరికినవాళ్లు దొరికినారు. కార్డు మాత్రమే మిగిలినవాళ్లు వేలలో ఉన్నారు.